సరంగు కూతురికి ఉత్తరం

విశాఖపట్నం

అమ్మా,

షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ వ్యాసం కాదు, దానికి పిన్ను కొట్టి పంపిన చీటీ.

మీ నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే సరంగు అని రాశావు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చే ముందురోజు బోటు ఓనరు జెట్టీ మీదకొచ్చి, తాళ్లు ఇలా కట్టు, అలా కట్టు అని కేకలేస్తుంటే, మీ నాన్న “మీరు ఇంటికెళ్లిపోండి బాబూ, మీరుంటే మా చేతులాడవు” అన్నాడని రాశావు. ఆ మాట నాటకం మొదటి రంగంలోనే ఉందమ్మా!

తుపానులో ఓడ ఊగిపోతుంటే రాజూ పరివారమూ డెక్కు మీదకొస్తారు. బోసన్, అంటే కళాసీల మేస్త్రి, వాళ్లను కసురుకుంటాడు. మా పని చెడగొడుతున్నారు, గదుల్లోకి పొండి, మీరు తుపానుకే సాయం చేస్తున్నారు అంటాడు. ఈ హోరుకి రాజు పేరుతో పనేమిటని కూడా అడిగేస్తాడు. 1611 నవంబరు 1న ఈ నాటకాన్ని లండన్‌లో జేమ్స్ రాజు ఎదుటే ఆడారు. రాజుగారు వింటుండగా ఓడ పనివాడి నోట ఆ మాట! అతనికి నాటకంలో పేరైనా లేదు. నీ పద్నాలుగు పేజీల్లో అసలు మనిషే లేడు. విమర్శకులు మాత్రం ఇరవై మంది ఉన్నారు.

నాటకాన్ని వలసపాలన కోణంలో చదివావు, అది తప్పనడం లేదు. దీవిని ఏలే ప్రాస్పెరో తన బానిస కాలిబన్ గురించి, వాడు లేకపోతే మనకు గడవదు, పొయ్యి వెలిగించేదీ కట్టెలు తెచ్చేదీ వాడే అని కూతురితో తానే ఒప్పుకుంటాడు. నువ్వు ఆ వాక్యం దగ్గర ఆగలేదు. దాని మీద ఇంకెవరో రాసిన పేరా దగ్గర ఆగావు. నా కోపమంతా అక్కడే.

నేను అనకాపల్లి పక్క పల్లెటూరివాణ్ణి. మా ఇంట్లో చెరకు గానుగ ఉండేది. ఎం.ఏ.లో ఇంగ్లీషు కవి కీట్స్ పద్యం ‘టు ఆటమ్’ చదువుతుంటే, ఆపిల్ రసం తీసే మర దగ్గర శరదృతువు ఓపిగ్గా చివరి బొట్లు గంటల తరబడి చూస్తూ ఉంటుందన్న పాదం తగిలింది. ఎద్దుల్ని విప్పేశాక కుండలోకి ఆగి ఆగి పడే రసం చప్పుడు నాకు వినబడింది. అక్కడ అయిపోతున్నది పని కాదు, పంట కాలం. అదే పరీక్షలో రాశాను. ఎర్ర సిరాతో ‘అప్రస్తుతం’ అని వచ్చింది. తర్వాత వ్యాసంగా పంపితే ఒక సంపాదకుడు ‘ఇలా అని ఏ విమర్శకుడు చెప్పాడు?’ అని తిప్పికొట్టాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ తర్వాత నాలుగేళ్లు నేనూ కొటేషన్లే రాశాను. ఆ నాలుగేళ్లు పోయాయి. నీకు అలా కాకూడదు.

అలాగని మన ఊరి జ్ఞాపకాలు తెచ్చి నాటకానికి అంటిస్తే చాలదు. మాటకు ఆధారం నాటకంలోనే చూపించాలి. బోసన్ పై స్తంభం దించమంటాడు. ఎందుకు? ఎత్తున ఉన్నదానికి గాలి ఎక్కువ తగులుతుంది, ఓడ ఒరిగిపోతుంది. ఇలాంటివి నోట్సులో ఒక ముక్కలో తేల్చేస్తారు. మీ ఇంట్లో చెప్పేవాళ్లున్నారు.

ఏ పత్రికకి పంపాలో, పీహెచ్‌డీకి ఏ టాపిక్ తీసుకోవాలో ఇప్పుడొద్దు. ఈ ఆదివారం మీ నాన్న వేటకి వెళ్లకపోతే, ఆ మొదటి రంగం తెలుగులో చదివి వినిపించు. ఒక్కో ఆర్డరు దగ్గర ఆగి, నువ్వయితే ముందు ఏం చేయమంటావు నాన్నా అని అడుగు. ఆయన నవ్వినా, తిట్టినా, బోసన్‌ది తప్పన్నా ఆయన మాటల్లోనే రాసుకో. ఆ కాగితాలు నాకు పంపు.

మీ మాస్టారు