కాలేజీ దత్తత తీసుకున్న ఊళ్లో నీటి పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలేజీలను ఊళ్లతో కలిపి పనిచేయించే కేంద్ర ప్రభుత్వ పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద మీ ఇంజినీరింగ్ కాలేజీ ఐదు ఊళ్లను దత్తత తీసుకుంది. మీ బృందానికి ఒక ఊరు అప్పగించి 'నీటి సంరక్షణ' చేయమన్నారు. సెమిస్టర్ అయ్యేలోపు ఏదో ఒకటి చూపించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఊరివాళ్లు మా మాట వింటారా అని మీ ప్రశ్న.

వినరు. వినాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. తమకు పనికొచ్చేదైతే మాత్రం మీతో కలిసి చేస్తారు. నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. ఆఖరి ఏడాదిలో మాకు 'రావెప్' ఉంటుంది, అంటే ఒక సెమిస్టర్ ఊళ్లో రైతుల మధ్య ఉండి పని నేర్చుకోవడం. నాకు పాత నల్గొండ జిల్లాలో బోర్ల మీదే బతికే ఊరు పడింది. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నా: ఇంకుడు గుంతలు, మొక్కలు నాటడం, గోడల మీద నినాదాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు కొలవండి. వాన ఎంత పడింది, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఈ రెండూ.

ఇది నా సొంత ఆలోచనేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పథకం నడిచింది, అంటే భూగర్భజలాల లెక్కను రైతులే చూసుకోవడం. అందులో వానమానిలో వాన కొలిచిందీ, బోర్ల మట్టం రాసిందీ రైతులే, ఆడవాళ్లతో సహా. రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలోకి ఎన్ని నీళ్లు దిగాయి, వేయాలనుకుంటున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టేవాళ్లు. ఫలానా పంటే వేయమని ఎవరూ ఆదేశించలేదు, నీళ్లు తక్కువ వాడినందుకు డబ్బులూ ఇవ్వలేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. మీ టీమ్‌లో ప్రతి ఒక్కరూ ముందు ఆ పథకం గురించి చదవాలి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. వరికి మొత్తం మీద 1,200 మి.మీ. దాకా నీళ్లు పడతాయి, అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 మి.మీ. అనుకుంటే 20 లక్షలు. నేలను బట్టి, కాలాన్ని బట్టి ఇవి మారతాయి కానీ తేడా ఏపాటిదో మీకే తెలుస్తుంది.

ఇక్కడే విద్యార్థులు తొందరపడతారు. లెక్క చేతికి రాగానే 'వరి మానండి' అని మీటింగ్ పెడతారు. మా ఊళ్లో ఒక పెద్దాయన మొహమ్మీదే అడిగాడు: "వరికి నీళ్లెక్కువ పడ్తయని మాకు ఎర్క లేదా బిడ్డా? జొన్నలేస్తే నువ్ కొంటవా?" వడ్లకైతే మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర ఉంది. జొన్నలకు మద్దతు ధర ప్రకటించినా, వడ్లలా కొంటారన్న భరోసా ఏది? ఆయన ప్రశ్నకు ఏ ప్రొఫెసర్ దగ్గరా జవాబు ఉండదు. అందుకే 'వరి వేయాలా వద్దా' అనే చర్చ వదిలేసి, 'ఈ యాసంగికి నీ బోరు ఎన్ని ఎకరాలకు ఆగుతుంది' అన్న దగ్గర నిలబడండి. మడి ఎండిపోయి పెట్టుబడి పోగొట్టుకున్న రైతుకు ఆ ప్రశ్న నిజంగా కావాలి. మా దగ్గర కొందరు నారు పోసేముందు విస్తీర్ణం తగ్గించుకున్నారు. అది నీటి మీద ప్రేమతో కాదు, నష్టం తప్పించుకోవడానికి. నాకది చాలు.

కొలిచే పద్ధతికొస్తే, వానమాని కొనకపోయినా ఫర్వాలేదు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా, స్కేలు చాలు. ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి, వాతావరణ శాఖ చూసేదీ అప్పుడే. బోరు మట్టం మాత్రం తలనొప్పి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, చాలా బోర్లకు ఆటో స్టార్టర్లున్నాయి, మోటార్ ఆగేదెప్పుడు? నడుస్తున్న బోరులో కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. మోటార్ తీసేసిన పాత బోరో, వాడని బావో వెతుక్కోండి. భూగర్భజల శాఖ పీజోమీటర్ (నీటి మట్టం కొలవడానికే వేసిన బోరు) దగ్గర్లో ఉంటే దాని నెలవారీ మట్టంతో పోల్చుకోండి.

ఊరి పటం కాగితం మీద కాకుండా వీధిలో ముగ్గుపిండితో గీయించండి, మగవాళ్లతో ఒకసారి, ఆడవాళ్లతో విడిగా ఒకసారి. మా ఊళ్లో మగవాళ్లు బోర్లూ చెరువూ గీసి ఆగిపోయారు. ఆడవాళ్లు మాత్రం చివరి వాడకు నల్లా నీళ్లు సన్నగా వస్తాయని, ఎండాకాలం ఎవరి బోరు దగ్గరికి బిందె పట్టుకుని వెళ్లాల్సి వస్తుందో కూడా చూపించారు. ఆడవాళ్లతో మీటింగ్ అంటే వంటలయ్యాక రాత్రే. పత్తి ఏరే రోజుల్లో అదీ అడగొద్దు.

ఈ అంకెలు రాసే పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో మొదటి నెలలోనే తేల్చుకోండి. సర్పంచ్ ఉత్సాహం చూపిస్తారు కానీ ఆయనకు రోజూ కుదరదు. మేము స్కూల్లో పెట్టాం, సారు ఒప్పుకున్నారు, పిల్లలు వంతులవారీగా రాశారు. సెలవుల్లో మాత్రం పక్కింటి ఆమె చూసేది. మీరు వెళ్లాక మీ జూనియర్లకు అదే ఊరు ఇవ్వమని కాలేజీని ఇప్పుడే అడగండి. ఏటా ఊరు మారిస్తే ఏ అంకె పక్కన ఏ అంకె పెట్టి చూస్తారు?

ఇంకొకటి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రచారం ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. వానాకాలం లెక్కలు ఆలోపు ఒక పేజీలో రాసి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. చెరువు పూడిక అయినా, కాలువ మరమ్మతు అయినా ప్రణాళికలో రాస్తేనే నిధుల మాట వస్తుంది. గ్రామసభలో ఆ కాగితం చదివేది మీరు కాకుండా ఊరివాళ్లెవరైనా అయితే ఇంకా మంచిది.