రాట్‌వీలరా, జర్మన్ షెపర్డా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట, చిన్న పెరడున్న డాబా ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఈ రెండింటిలో ఏ కుక్కని తెచ్చుకోమంటారు?

జవాబు: మొదటిసారి పెంచుతుంటే నా ఓటు షెపర్డ్‌కే. గొర్రెల మందలు కాసిన జాతి, చెప్పింది చటుక్కున పట్టేస్తుంది, మగది 30-40 కిలోలుంటుంది. రాట్‌వీలర్ జర్మనీలో పశువుల్ని తోలి, బళ్లు లాగిన జాతి. మగది 50 కిలోలు దాటుతుంది, అది ఒక్కసారి గుంజిందంటే గొలుసు పట్టుకున్న పిల్లాడు దాని వెనకే పోవాల్సిందే. షెపర్డ్‌తో గొడవల్లా బొచ్చు, సోఫా మీదే కాదు, చారులో కూడా తేలుతుంది. మన మే ఎండ రెండిటికీ పడదు, తెల్లారకముందే తిప్పండి. రోజంతా కట్టేసే ఉద్దేశమైతే ఏదీ వద్దు. కొనేముందు తల్లి కుక్కకీ తండ్రి కుక్కకీ తుంటి ఎక్స్‌రే తీయించారో లేదో అడగండి, రెండు జాతుల్లోనూ తుంటి కీలు జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది.