ఆ ‘అట’లు వదిలేసి కోడలినే అడగండి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెనాలిలో ఇల్లు అమ్మి, నిజాంపేటలో కొడుకు కొన్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి వచ్చి ఏడాదిన్నర అయిందన్నారు. కాలు మెషిన్‌కి మోటారు పెట్టించుకుని పాత చీరలతో బొంతలు కుడుతున్నారు, అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు తమ చంటిపిల్లల కోసం కుట్టిమ్మని మిమ్మల్ని అడిగారు కూడా. మెషిన్ ఇప్పుడు మీరూ మనవడూ పడుకునే గదిలో తలుపు వెనక ఇరుక్కుని ఉంది, దాన్ని వెనక యుటిలిటీ బాల్కనీలోకి మార్చుకోవాలా, హాల్లో కిటికీ దగ్గర పెట్టుకోవచ్చా అని అడిగారు.

బాల్కనీ వద్దే వద్దు. వాషింగ్ మెషిన్ పక్కన ఎప్పుడూ తడే, వానొస్తే జల్లు కొడుతుంది, మెషిన్ తుప్పు పడుతుంది, బట్టలు చెమ్మ వాసనొస్తాయి, తడి చోట మోటారు ప్లగ్గు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. హాల్లో కిటికీ దగ్గరే పెట్టండి. మీరడిగినదానికి జవాబు అయిపోయింది.

ఇక మీరడగని సంగతి. మీ కోడలి గురించి మీరు రాసినవి ఒకచోట చేర్చి చూశాను. మెషిన్ శబ్దం పడదట. మీటింగుల్లో ఉంటే తలనొప్పి వస్తోందట. దారాల చెత్త ఇల్లంతా అవుతోందట. కుట్టించుకోడానికి బయటివాళ్ళు వస్తే బాగుండదట. అన్నీ ‘అట’లే! ఏడాదిన్నరగా ఒకే వంటింట్లో తిరుగుతున్న మనిషి మీతో నోటితో అన్న మాట ఈ ఉత్తరంలో ఒక్కటీ లేదు, అన్నీ మీ అబ్బాయి తెచ్చి ఇచ్చినవే.

మీ అబ్బాయి చెడ్డవాడని నేననను. ఇంట్లో గొడవ లేకుండా ఉంటే చాలనుకునే కొడుకులు చాలామంది ఉంటారు, ఆ కోరిక మంచిదే, కానీ అందుకోసం వాళ్ళు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తూ ఉంటే ఆడవాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో పొరుగూరివాళ్ళలా మిగిలిపోతారు. అవతల గదిలో ఆ అమ్మాయికి కూడా "అమ్మకి ఇలా నచ్చదు" అన్న మాటలు చేరుతూనే ఉంటాయని గట్టిగా అనుకుంటున్నాను. నేనూ ఒక కోడలికి అత్తనే. మా అబ్బాయిని మధ్యలో పెట్టుకుని రెండేళ్ళు పోగొట్టుకున్నాను, ఆ రెండేళ్ళూ ఇప్పటికీ నాకు బాధే.

ఇల్లు అమ్మిన డబ్బు కొంత ఈ ఫ్లాట్‌లో పడిందని రాశారు. ఆ మాట మెషిన్ విషయంలో ఎత్తకండి. డబ్బు ఇచ్చారు కాబట్టి మీకు చోటు కావాలనడం లేదు కదా, ఆ ఇంటి మనిషి కాబట్టి కావాలి. అలాగని ఎవరికీ అడ్డం లేకుండా ఏదో మూల సర్దుకుంటానంటూ ఒదిగిపోవడం కూడా నాకు నచ్చదు. అరవై ఏళ్ళు వచ్చి, చేతిలో పని ఉన్న మనిషి తలుపు వెనక కూర్చోనక్కర్లేదు.

మీరు చివర్లో అలవోకగా రాసిన సంగతి ఒకటుంది. ఒకరోజు కోడలు తన పాత వెంకటగిరి చీర తెచ్చి మెషిన్ మీద పెట్టి వెళ్ళిపోయింది, ఎందుకో చెప్పలేదు, మీరూ అడగలేదు, మడతపెట్టి తిరిగి తన బీరువాలో పెట్టేశారు. అమ్మా, అది చదివి నాకు ప్రాణం ఉసూరుమంది. ‘అట’ లేకుండా ఆ అమ్మాయి మీతో మాట్లాడింది ఆ ఒక్కసారే, మీరు దాన్ని బీరువాలో పెట్టేశారు.

ఉతికి ఉతికి మెత్తబడిన వెంకటగిరి నూలు కంటే పిల్లల బొంతకి మంచి బట్ట ఏముంటుంది? అయిదున్నర మీటర్ల చీరని దాని పన్నాకి, అంటే వెడల్పుకి, సమంగా చదరాలు కోస్తే నాలుగు పొరలొస్తాయి, మిగిలిన ముక్క చుట్టూ అంచుకి సరిపోతుంది. జరీ ఉంటే తీసేయండి, పిల్లాడికి గుచ్చుకుంటుంది. మీ మనవడికి ఒక బొంత, వాళ్ళమ్మ చీరతోనే.

హాల్లో పెట్టడానికి కూడా ఆమెను అడగక తప్పదు. బొంత అంటే జాకెట్టు లాంటిది కాదు, మెషిన్‌కి ఎడమ పక్కా వెనకా బల్ల ఆనుకుని ఉండాలి, లేకపోతే బరువంతా కిందికి వేలాడి లాగుతుంది, కుట్టు వంకరపోతుంది, సూది విరుగుతుంది. అంటే మీ డైనింగ్ టేబుల్‌ని కిటికీ వైపు జరిపి, మెషిన్‌ని దాని ముందు పెట్టాలి. అది ఆ అమ్మాయి కూడా కూర్చునే బల్ల. పెద్ద బొంతలకి పొరలు నేల మీద పరిచి, ముడతల్లేకుండా లాగి, బెత్తెడుకి ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టాలంటే అటు కొస పట్టుకోడానికి రెండో మనిషి కావాలి. ఊళ్ళో ఎవరు పట్టుకునేవాళ్ళు మీకు? పక్కింటావిడో, తోడికోడలో.

శబ్దం సంగతి కూడా నిజంగా తేల్చుకోండి. మెషిన్ కాళ్ళ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే అదురు బాగా తగ్గుతుంది, మెషిన్ గోడకి తగలకూడదు. మీటింగులు ఏ టైముకో ఆమెనే అడిగి, ఆ గంటల్లో కత్తిరింపులూ పిన్నీసుల పనీ చూసుకోండి. లేచే ముందు దారాలు మీరే ఊడ్చేయండి, అది ఎవరూ చెప్పాల్సిన పని కాదు. కుట్టించుకునేవాళ్ళు ఇంటికి రావడం తనకి నిజంగానే ఇబ్బందైతే మీరే వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళి ఇచ్చి రండి. కాదంటే వాదించకండి, కానీ ఆ మాట ఆమె నోటి నుంచి వినండి.

అబ్బాయితో ముందుగా ఏమీ చెప్పొద్దు. వాడు ఆఫీసుకి వెళ్ళాక, ఆమె కాఫీ తాగుతూ ఉన్నప్పుడు వెళ్ళి, "ఆ రోజు చీర పెట్టావు కదమ్మా, ఏం కుట్టమంటావు?" అని అడగండి.