చెయ్యి చేసుకోకపోతే గృహహింస కానట్టేనా?

గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది: ‘భర్త కొట్టడు. కానీ నా జీతం కార్డు తన దగ్గరే ఉంచుకుంటాడు. విజయవాడలో పుట్టింటికి వెళ్లాలన్నా ఒప్పుకోడు. ఇదీ హింసేనా?’

హింసే. 2005 గృహహింస చట్టం 3వ సెక్షన్ దెబ్బలు, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా వేధించడాన్ని, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే చూస్తుంది.

ఒక్క గొడవతో తేల్చకండి, పదేపదే ఏం జరుగుతోందో చూడండి. పాలప్యాకెట్‌కీ లెక్క చెప్పాలా? బస్సు లేటైతే వీడియో కాల్‌లో చుట్టుపక్కల చూపించాలా? గొడవయ్యాక ఏడ్చి, చీర కొనిచ్చి, మళ్లీ మొదలెడుతున్నాడా? ‘ప్రేమ కొద్దీ అనుమానం’ అని పెద్దలు సర్దిచెబుతారు. ఏళ్లు పోయేది ఇక్కడే.

గొంతు పట్టుకోవడాన్ని మాత్రం ఒక్కసారైనా తేలిగ్గా తీసుకోవద్దు. ముందుముందు ప్రాణాపాయం ఉందనడానికి అది బలమైన గుర్తు. పైకి మచ్చ లేకపోయినా లోపల గాయం ఉండొచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా ఆ రోజే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి. ‘జారిపడ్డాను’ అనకుండా జరిగింది చెబితేనే ఎంఎల్‌సీలో (పోలీసు కేసుకు పనికొచ్చే ఆసుపత్రి రికార్డులో) సరిగా నమోదవుతుంది.

ఆయన చూసే ఫోన్‌లో ఇవేవీ వెతకొద్దు. వేరే ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్ 181కి, ప్రమాదం ముంచుకొస్తే అత్యవసర నంబరు 112కి చేయండి. ఈ చట్టం కింద సాయం చేసే ప్రభుత్వ అధికారి అయిన ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. మొదటి వాయిదా సాధారణంగా 3 రోజుల్లోపు ఉండాలన్నది చట్టం మాట, ఆచరణలో ఆలస్యం కావచ్చు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, నంబరు 15100.