ఇంట్లో నేర్చుకుంటున్న కుర్రాడికి ఎనభై వేల కోర్సు ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం. గూగుల్ ఖాతా నిండిపోయిందని పాత కంప్యూటర్‌లో సింక్‌థింగ్ అనే ఫైళ్ల సాఫ్ట్‌వేర్ పెట్టి, ఇంట్లో అందరి ఫోన్లనూ తన ల్యాప్‌టాప్‌నూ దానికి కలిపాడు. రాత్రిళ్లు అదే పని. మొన్న వాళ్లమ్మ ఫోన్‌లో ఫొటోలు తీసేస్తే కంప్యూటర్‌లోనూ పోయాయి. ఈ వ్యాపకం మాన్పించి విజయవాడలో ఎనభై వేల రూపాయల క్లౌడ్ కోర్సులో చేర్పిద్దామని పది వేలు అడ్వాన్సు కట్టాను. అది మేలా, కోడింగ్ శిక్షణ మేలా? మా తోడల్లుడి కొడుక్కి అప్పుడే ఉద్యోగం వచ్చేసింది.
- ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి వెనకబడలేదు. ముందు ఆ భయం వదలండి. మూడో సంవత్సరం పిల్లల తల్లిదండ్రులు నన్ను ఏ కోర్సు మంచిదని అడుగుతారు గానీ, వాళ్ల మనసును తొలిచేది పక్కింటి పిల్లవాడి ఉద్యోగమే. తోడల్లుడి కొడుకు సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఫొటోల విషయం తొందరది. ఫోన్ గ్యాలరీలోని చెత్తబుట్టను ఈ రోజే చూడమనండి. చాలా ఫోన్లలో తీసేసిన ఫొటోలు దాదాపు నెల రోజులు అందులో ఉంటాయి. ఇక జరిగినదాంట్లో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. పరికరాలన్నిటినీ ఒకేలా ఉంచడం సింక్ పని, ఒకచోట తీసేస్తే మిగతాచోట్లా తీసేయడం అందులో భాగమే. పాతదాన్ని దాచి ఉంచేది బ్యాకప్. సింక్‌థింగ్‌లోనూ తీసేసిన ఫైళ్ల పాత ప్రతులను అట్టేపెట్టే సదుపాయం ఉంది. కానీ మనం ఎంచుకుంటేనే అది పనిచేస్తుంది. ఆ పాత కంప్యూటర్‌లో దాన్ని పెట్టమనండి. మీవాడు ఈ తేడాను తల్లి కన్నీళ్ల సాక్షిగా నేర్చుకున్నాడు, ఇక మరచిపోడు.

ఈ రాత్రి అతని పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. నెట్ లేని సమయంలో ఒకే ఫైలును ఫోన్‌లో ఒకలా, ల్యాప్‌టాప్‌లో ఇంకోలా మారిస్తే, నెట్ వచ్చాక ఏది నిలుస్తుంది? సింక్‌థింగ్ రెండింటినీ ఉంచుతుంది. ముందుగా మార్చినదాని పేరుకు 'సింక్ కాన్‌ఫ్లిక్ట్' అన్న మాటనూ, తేదీనీ, సమయాన్నీ తగిలించి పక్కన పెడుతుంది. మరి ఫోన్ గడియారం తప్పుగా ఉంటే, ఏది ముందో ఎలా తేలుతుంది? వేల కంప్యూటర్లు నడిపే సంస్థల్లో ఇంజినీర్లు తలలు పట్టుకునేది ఇలాంటి చిక్కుల దగ్గరే. మీరు వ్యాపకం అన్నది ఇదే.

ఇప్పుడు కోర్సు. క్లౌడ్ అంటే పెద్ద కంపెనీల కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం. దానిమీద అందరికీ మోజు, నాకు మాత్రం అనుమానాలున్నాయి. ఇలాంటి కోర్సుల్లో చాలావరకు చెప్పేది ఒక కంపెనీ తెరమీద ఏ మీట ఎక్కడ ఉందో. ఆ తెర మారుతూనే ఉంటుంది. క్లౌడ్ సేవలు కూడా అమ్మే అమెజాన్ పెట్టే ప్రాథమిక క్లౌడ్ పరీక్ష రుసుము 100 డాలర్లు, ధ్రువపత్రానికి గడువు మూడేళ్లు. ఆ పరీక్షకు కావలసిన పాఠాలు అమెజానే ఉచితంగా ఇస్తుంది. క్లౌడ్ కంప్యూటింగ్ మీద ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలున్నాయి, వినడానికి పైసా అక్కర్లేదు. మిగతా డబ్బు దేనికో ఆ శిక్షణ సంస్థను అడగండి. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అంటే కాగితం మీద రాసిమ్మనండి. పైగా, నడుస్తున్న సర్వర్లను కొత్తగా చేరినవాడి చేతిలో పెట్టడానికి ఏ సంస్థా తొందరపడదు. సర్వర్లను నడిపే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం, నెట్‌వర్కింగ్, కొంత ప్రోగ్రామింగ్ వచ్చినవాడికే ఆ పని మెల్లగా అందుతుంది.

కోర్సు లేకపోయినా క్లౌడ్‌లో ఖాతా తెరిచి ప్రయత్నించవచ్చు. అయితే మీ కార్డు ఇచ్చేముందు ఖర్చు హెచ్చరిక పెట్టించండి. ఆపడం మరచిన ఒక్క సర్వర్ నెలాఖరుకు వేలల్లో బిల్లు తెస్తుంది.

ఒక మాట కటువుగానే అంటాను. ఫోన్ నిండితే వాడిని పిలుస్తారు, ప్రింటర్ మొరాయిస్తే వాడిని పిలుస్తారు, వాడు అదే పని శ్రద్ధగా చేస్తే దండగ అంటారు. ఎవరో చెప్పిన కోర్సుకు, వాడిని ఒక్క మాట అడగకుండా అడ్వాన్సు కట్టారు. ఓ హార్డ్‌డిస్క్ కావాలా అని అడిగారా? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు ఇంట్లోనే ఉన్న రెండు ప్రతులూ ఒకేసారి మునుగుతాయి. అందుకే ఒక హార్డ్‌డిస్క్ కొనిచ్చి, ఫొటోలూ ప్రాజెక్టులూ అందులో వేసి బంధువుల ఇంట్లో పెట్టమనండి. సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో దొరికినంతవరకు అక్కడ ఉంచండి. మరొకటి: గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కూ ఫొటోలకూ కలిపే. అది నిండితే కొత్త మెయిళ్లు రావు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేది అక్కడికే కనుక, ఆ ఖాతాలో ఎప్పుడూ ఖాళీ ఉండాలి.

కోడింగ్ శిక్షణ సంగతి అడిగారు. ప్రాంగణ నియామకాలకు కోడింగ్ తప్పదు, కానీ దానికీ వేలు పోయనక్కర్లేదు. రోజూ రెండు గంటలు సాధన చేస్తే చాలు, రాత్రిళ్లు మేలుకునే అలవాటు ఎలాగూ ఉంది. ఈ సింక్ ఏర్పాటును ఎలా కట్టాడో, ఎక్కడ దెబ్బతిన్నాడో, పోయిన ఫైలును ఎలా వెనక్కి తెచ్చాడో రెండు పేజీల్లో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో 'నువ్వు సొంతంగా చేసింది చెప్పు' అన్నప్పుడు అదే జవాబు.

అడ్వాన్సు పది వేలు తిరిగి అడగండి. ఇస్తే అందులోంచే హార్డ్‌డిస్క్ కొనండి. ఇవ్వకపోతే ఆ పది వేల కోసం మిగతా డెబ్బై వేలు కట్టకండి.