పక్షవాతం వచ్చిన చెయ్యి వాచింది... ‘ఓటీ’కి ఎందుకు చూపించమన్నారు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, వ్యవసాయం. ఏడు వారాల క్రితం కుడివైపు పక్షవాతం వచ్చింది. పట్టుకుంటే నడుస్తున్నారు, చెయ్యి మాత్రం లేవడం లేదు. నెల రోజులుగా పసరు మందు వాడుతూ నూనెతో మర్దనా చేయిస్తున్నాం. పథ్యం పూర్తయ్యేదాకా ఇంగ్లిషు మందులు ఆపమన్నారు, ఆపాం. స్పాంజి బంతి ఇచ్చి రోజూ నొక్కిస్తున్నాం. వారం నుంచి అరచెయ్యి వాచింది, భుజం ముట్టుకోనివ్వడం లేదు. దువ్వెన ఇస్తే నోట్లో పెట్టుకోబోతున్నారు, మతి చెడిందేమోనని అమ్మ ఏడుస్తోంది. డిశ్చార్జి కాగితంలో ‘ఓటీకి చూపించండి’ అని ఉంది. ఆపరేషన్ అనుకుని భయపడ్డాం. అడిగితే ఆక్యుపేషనల్ థెరపిస్టు అన్నారు. ఆయన డాక్టరేనా? ఏం చదివి ఉంటారు? ఫిజియోథెరపీ ఉండగా ఇంకొకరెందుకు? ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతారా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: థెరపిస్టు చదువు సంగతి తర్వాత చెప్తాను. మీ ఉత్తరంలో నాకు భయం కలిగించిన మాట వేరే ఉంది. మందులు ఆపారు.

బీపీ మాత్రలు, కొలెస్టరాల్ మాత్ర, రక్తం గడ్డ కట్టడం వల్ల వచ్చిన పక్షవాతమైతే రక్తం పలచన చేసే మాత్ర... ఇవేవీ చెయ్యి లేవడానికి ఇచ్చినవి కావు. రెండోసారి రాకుండా ఇచ్చినవి. మళ్లీ వచ్చే ముప్పు మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే మీరు వాటిని పక్కన పెట్టారు. అలాగని పాత చీటీ చూసి మీరే మొదలుపెట్టకండి. మెదడులో రక్తస్రావం జరిగి వచ్చిన పక్షవాతమైతే పలచన చేసే మాత్రే ప్రమాదం కావచ్చు. నెల రోజులు ఆపాక బీపీ ఎంతుందో కూడా చూడాలి. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు పట్టుకుని రేపే వెళ్లండి. పసరు తాగుతున్న సంగతి అక్కడ దాచొద్దు. అందులో కలిపినవేమిటో ఏ చీటీ మీదా ఉండదు, మాత్రలతో కలిస్తే ఏమవుతుందో లెక్కకట్టడం కష్టం. మండలం రోజుల పథ్యం అయ్యాక చూద్దామనుకోవడమే అన్నిటికంటే నష్టం. నరాలు, కండరాలు తిరిగి దారిలో పడేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. అందులో సగం అయిపోయింది.

రెండోది వాచిన చెయ్యి. చూడకుండా నిర్ధారించి చెప్పలేను. భుజం నొప్పీ, అరచేతి వాపూ కలిసి వస్తే పక్షవాతం తర్వాత వచ్చే ‘షోల్డర్-హ్యాండ్ సిండ్రోమ్’ని అనుమానిస్తాం. ఆలస్యం చేస్తే వేళ్లు బిగుసుకుపోతాయి. అయితే వాపు ఉన్నట్టుండి చెయ్యంతా పాకినా, రంగు నీలంగా మారినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. ఆయాసం వస్తే, మూతి వంకరపోతే, మాట కొత్తగా తడబడితే 108కి ఫోన్ చెయ్యండి. ఎక్కడైనా కిందపడి ఉంటే ఎక్స్‌రే కూడా అవసరం.

ఆసుపత్రికి వెళ్లేలోపు కొన్ని ఆపండి. మర్దనా వద్దు. వేడి నీళ్ల సంచీ వద్దు, స్పర్శ తగ్గిన చెయ్యి కాలినా తెలియదు. లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చంకలో చెయ్యి పెట్టి ఎత్తొద్దు. కండరాల పట్టు పోయిన భుజం కీలు అలా లాగితేనే కిందికి జారుతుంది. రెక్క ఎముక వెనక, నడుం దగ్గర పట్టుకుని లేపండి. చేతిని తల పైకి లాగే కప్పీ తాడు వ్యాయామం ఎవరు చెప్పినా చేయించకండి. కూర్చున్నప్పుడు ముంజేతి కింద దిండు పెట్టి, అరచెయ్యి మోచేతి కంటే కాస్త ఎత్తులో ఉంచండి. మెడకు కట్టే పట్టీ నిలబడినప్పుడు, నడిచేటప్పుడు చాలు. రోజంతా ఉంచితే మోచెయ్యి మడతలోనే బిగుస్తుంది. ఆ బంతి కూడా తీసెయ్యండి. పక్షవాతం తర్వాత చాలామందికి కష్టమయ్యేది చెయ్యి మూయడం కాదు, తెరవడం. మూసే కండరాలకే రోజూ పని చెబితే పిడికిలి ఇంకా ముడుచుకునే వీలుంది.

ఇక దువ్వెన సంగతి. అమ్మగారికి చెప్పండి, మతి చెడిందని తేల్చేయొద్దు. కుడివైపు పక్షవాతమంటే దెబ్బ తగిలింది సాధారణంగా ఎడమ మెదడుకు. వస్తువు ఏమిటో తెలిసినా దాన్ని వాడే వరస తప్పిపోవడం అక్కడి దెబ్బ వల్ల రావచ్చు. దాన్ని అప్రాక్సియా అంటాం. కసురుకోవద్దు, పది మాటలతో వివరించొద్దు కూడా. పక్కన కూర్చుని, ఆయన చేతి మీద మీ చెయ్యి వేసి, దువ్వెనను తల దాకా తీసుకెళ్లండి. రోజూ అదే వేళకు, అదే చోట, అదే వరసలో.

మీ డాక్టరు ఓటీకి రాసింది ముఖ్యంగా ఇందుకే అయ్యుండాలి. ఫిజియోథెరపిస్టు దృష్టి బలం, కీళ్ల కదలిక, నడక మీద ఎక్కువ. ఆక్యుపేషనల్ థెరపిస్టు మొదట అడిగేది ‘ఈయన ఈ రోజు సొంతంగా ఏం చేసుకోలేకపోతున్నారు?’ అని. తినడం, స్నానం, బట్టలు, దొడ్డికి వెళ్లడం, మంచం దిగడం లాంటి పది పనులకు 100 మార్కుల బార్తెల్ ఇండెక్స్ వేస్తారు. ఒక్కో పనిని ముక్కలు చేసి ఎక్కడ ఆగిపోతోందో చూస్తారు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. జారని అంచు కంచం, కింద తడిగుడ్డ, లావు పిడి చెంచా. లుంగీకి ఎలాస్టిక్. నేల మీది దొడ్డి బదులు 17 నుంచి 19 అంగుళాల ఎత్తు సీటు, చేతికందే చోట గోడకు పట్టుకునే కడ్డీ. మణికట్టు కొద్దిగా వేలాడుతుంటే వేడినీళ్లలో మెత్తబడే థర్మోప్లాస్టిక్ షీటుతో స్ప్లింట్ (చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే ఆధారం) మలుస్తారు. అది అందరికీ అవసరం ఉండదు. ఇచ్చినా మొదట అరగంటే పెట్టి తీసి చూడాలి. పడిన ఎర్ర మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే స్ప్లింట్ సరిచేయించాలి. బాగున్న చేతిని కట్టేసి పడిపోయిన చేతితోనే పని చేయించే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటారు. సుమారుగా మణికట్టు 20 డిగ్రీలు, వేళ్లు 10 డిగ్రీలు వెనక్కి లేవగలిగినవాళ్లకే అది పనికొస్తుంది. ఇప్పుడు మీ నాన్నగారి మీద ప్రయత్నించకండి.

ఆక్యుపేషనల్ థెరపిస్టు చదివేది ఎంబీబీఎస్ కాదు. మందులు రాయడం, రోగ నిర్ధారణ చెయ్యడం ఆయన పని కాదు, కాబట్టి మాత్రల విషయం ఆయన్ని అడగొద్దు. ఇంటర్ సైన్స్ తర్వాత బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు చదివినవాళ్లు. ఆపైన మాస్టర్స్ రెండేళ్లు. శరీర నిర్మాణం, నరాల జబ్బులు, ఎముకలు, మానసిక వైద్యం, పిల్లల ఎదుగుదల చదివి, వార్డుల్లో శిక్షణ పొందుతారు. కేంద్ర ప్రభుత్వం నడిపే కటక్ దగ్గరి ఓలట్‌పూర్, కోల్‌కతా, ఢిల్లీ సంస్థల్లో ఈ డిగ్రీ ఉంది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలో ఈ వృత్తి ఉంది. ఏ డిగ్రీ, ఎక్కడ చదివారు అని అడగడానికి మొహమాటపడొద్దు. నాలుగు వారాల సర్టిఫికెట్ కోర్సు చేసి గోడకు బోర్డు తగిలించినవాళ్లు వేరు.

ప్రభుత్వంలో వీళ్లు తక్కువమందే. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉంటారనుకోవద్దు. బోధనాసుపత్రిలో ఫిజికల్ మెడిసిన్, న్యూరాలజీ విభాగాల్లో అడగండి. మీకు దగ్గర్లో నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (వికలాంగుల పునరావాస కేంద్రం) ఉంది, వెళ్లేముందు పెద్దవాళ్లకు ఓటీ ఏ రోజుల్లో ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు పిల్లల కోసం. సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ సంస్థ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం. నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లి ఒక రోజు పోగొట్టుకోకండి. ఓటీ దొరికేదాకా ఫిజియోథెరపీ ఆపొద్దు. వికలాంగుల సర్టిఫికెట్ వచ్చాకే థెరపీ అనుకోవద్దు, రెండింటికీ సంబంధం లేదు.

ఓటీ దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు బొత్తాలున్న ఆయన చొక్కా ఒకటి, ఇంట్లో తినే కంచం, దువ్వెన, బ్రష్ తీసుకెళ్లండి. స్నానాల గది, దొడ్డి, గడప, మంచం ఫొటోలు తీసి, మంచం ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. రోజూ దగ్గరుండి చూసుకునేది అమ్మగారైతే, ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి.

– ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ వైద్యులు
(ఉత్తరంలోని వివరాల ఆధారంగా ఇచ్చిన సాధారణ సలహా ఇది. రోగిని పరీక్షించిన వైద్యుల మాటే తుది నిర్ణయం.)