జింకల మేతకు దుక్కి దున్నాలంటే నన్నడిగితే రోటావేటర్ మాత్రం వద్దు

అడవి అంచున మూడెకరాల బీడు ఉందన్నారు. అందులో ఒక ఎకరంలో జింకలకూ నెమళ్ళకూ మేత వేస్తానన్నారు. ట్రాక్టర్ ఉంది, రోటావేటర్ (గిరగిర తిరిగే బ్లేడ్లతో మట్టిని పిండి చేసేది) కొనాలా, డిస్క్ హారో (గుండ్రటి ఇనుప పళ్ళేలతో నేలను కోసేది) కొనాలా అని అడిగారు. నా జవాబు రెండూ కాదు. తొమ్మిది పళ్ళ కల్టివేటర్ కొనండి, మా వైపు దాన్ని గొర్రు అనే అంటాం. అదీ స్ప్రింగులున్నదే కొనండి. ఎందుకో తెలియాలంటే నా రోటావేటర్ సంగతి వినాలి.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, భూమి కాగితం సాత్‌బారా. నది ఒడ్డున నల్లరేగడి ఉన్నవాళ్ళు మిరప, పత్తి వేసుకుంటారు. అడవి వైపు పడ్డ మాకు ఎర్రచెలక. దాంట్లో రాళ్ళు ఎన్నో, నరికేసిన టేకు మొద్దులు అన్ని. అలాంటి ఎకరంన్నర ముక్క ఒకటి నాలుగేళ్ళు సాగు చేయకుండా పడావు పెట్టాను. ఏం వేసినా అడవి పందులే కోసుకుపోయేవి.

నాగ్‌పూర్‌లో చదువుకునే మా బావమరిది ఒకరోజు ఫోన్‌లో అమెరికా వీడియోలు చూపించాడు. అక్కడ అడవి పక్కన జింకల కోసమని పంట వేస్తారు. సున్నం చల్లుతారు, డిస్కులు తిప్పుతారు, క్లోవర్, టర్నిప్, ముల్లంగి విత్తనాలు చల్లి ఇనుప రోలర్‌తో అదుముతారు. "బావా, పడావు ముక్కలో ఇట్లా వేస్తే జంతువులు అక్కడే మేస్తయి, మన వరి జోలికి రావు" అన్నాడు. వినడానికి బాగుంది. ఆ వీడియో చివరిదాకా చూస్తే తెలిసేది, ఆ పొలం మూలన మంచె కట్టుకుని తుపాకీతో కూర్చుంటారని. వాళ్ళు మేత పెట్టేది చాలావరకు వేట కోసమే. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి వాళ్ళ లెక్క వేరు, మన లెక్క వేరు. ఇది నాకు తర్వాత తట్టింది.

అప్పటికే అప్పు చేసి పాత రోటావేటర్ ఒకటి తెచ్చేశాను. ఆరడుగులది. ఊళ్ళో అందరికీ ఉంది, నాకు లేదు, అంతే కారణం. సబ్సిడీ మీద ఇస్తున్నారంటే చాలు, మనవాళ్ళు నేల ఎలాంటిదో చూడరు. ఎద్దుల గొర్రులు ఇటుకల బట్టీలో పొయ్యికి పోయాయి, ఇంటికో రోటావేటర్ వచ్చింది. సరే, ఆ ఏడుపు వదిలేద్దాం.

మిరుగం (మృగశిర కార్తె) వాన ఒకటి బాగా పడింది. రెండు రోజులు ఆగి, పదును చూసుకుని దిగాను. నాది 42 హెచ్‌పీ ట్రాక్టర్. మొదటి రెండు చుట్లు ఎంత ముచ్చటగా వచ్చాయంటే, గట్టు మీద కూర్చున్న మా బాపు లేచొచ్చి మట్టి చేతిలోకి తీసుకున్నాడు. "ఇది దుక్కా, జొన్నపిండా?" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

మూడో చుట్టులో గడ్డి లోపల టేకు మొద్దు ఉంది. కనపడలేదు. ధడేల్ మని చప్పుడు, బండి మొత్తం ఒకసారి ఎగిరింది. మేకలు కాసే పిల్లాడు కర్ర పారేసి పరిగెత్తాడు. క్లచ్ తొక్కి దిగి చూస్తే మూడు బ్లేడ్లు వంకరపోయాయి, ఒకటి ఊడి ఎక్కడో పడింది, ఇంజన్ బలాన్ని రోటావేటర్‌కు అందించే పీటీవో షాఫ్ట్‌లోని కీలు, అదే క్రాస్, రెండు ముక్కలైంది. ఆ ఊడిన బ్లేడు మూడు నెలల తర్వాత దొరికింది, గట్టు అవతల. మా బాపు కూర్చున్న చోటికి పది అడుగుల దూరం కూడా లేదు. రోటావేటర్ తిరుగుతుంటే వెనకాలగానీ పక్కనగానీ మనిషి ఉండకూడదని అందరం చెప్తాం. ఆయన గట్టు మీద కూర్చుంటే నేను లెమ్మనలేదు.

క్రాస్ కోసం కాళేశ్వరం వంతెన దాటి తెలంగాణ వైపు వెళ్ళాను. షాపువాడు కొలత చూడకుండా వేరే సైజు అంటగట్టాడు. మళ్ళీ వెళ్ళాను. బండి బాగుపడేలోపు నాలుగు రోజులు పోయాయి. మిగిలింది కూడా దున్ని, స్టైలో గడ్డి విత్తనం చల్లి, మళ్ళీ ఒకసారి రోటావేటర్ పైపైన తిప్పాను. విత్తనం కప్పుకోవాలని. అక్కడే ఘోరమైన తప్పు చేశాను. స్టైలో గింజ చిన్నది, సెంటీమీటరు లోపే ఉండాలి. నేను దాన్ని నాలుగంగుళాల పిండిలో కలిపేశాను. ఆ రాత్రే గట్టి వాన. ఎర్రమట్టిని పిండి చేసి వదిలితే వాన దెబ్బకు అది అదుముకుపోయి, ఎండ తగలగానే పెంకు కడుతుంది. వారం తర్వాత చూస్తే కాల్చిన రొట్టెలాగా ఉంది పొలం. మొలకలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఏం మొలిచిందో చెప్పనా? తుంగ. దాంతోపాటు గరిక. అంతకు ముందు అక్కడొక గుబురు ఇక్కడొక గుబురుగా ఉండేవి. రోటావేటర్ గరిక వేళ్ళను ముక్కలు ముక్కలుగా కోసింది, తుంగ గడ్డలను పొలమంతా పంచింది. ప్రతి ముక్కా ఒక మొక్క అయింది. నేను అప్పు కట్టి, డీజిల్ పోసి, కలుపు నాటుకున్నట్టయింది. గరికను జింకలు తింటాయి కదా అంటారేమో. తింటాయి. దానికి ట్రాక్టర్ ఎందుకు, అడవి నిండా ఉంది.

ఇదంతా జరుగుతుండగా మా బాపు ఒక మూల అరెకరం తన చేతిలోకి తీసుకున్నాడు. కిరాయికి స్ప్రింగుల గొర్రు పిలిపించి నిలువుకోసారి, అడ్డానికోసారి కొట్టించాడు. మొద్దు తగిలితే పన్ను వెనక్కి వంగి, దాటాక మళ్ళీ ముందుకొస్తుంది. స్ప్రింగు ఉండేది దానికే. పైకి లేచిన తుంగ, గరిక వేళ్ళను నాలుగు రోజులు ఎండలో ఉంచి ఏరించాడు. మట్టి పెడ్డలు కొన్ని అలాగే ఉన్నాయి. "ఉండనియ్, వానకు అవే కరుగుతయి" అన్నాడు. బొబ్బర్లు చల్లి, రేగు కంప పెద్దది ఒకటి తాడుతో కట్టి బండి వెనక లాగించాడు. అమెరికావాళ్ళ రోలర్ చేసే పనిలో సగానికి పైగా ఆ కంప చేసింది. బొబ్బర్లు వచ్చాయి. వినాయక చవితి దాటాక మిగతా చోట ఉలవలు కూడా అట్లాగే వేశాడు, అవీ వచ్చాయి.

దుప్పులు వచ్చాయా? వచ్చాయి. పొద్దున పోతే డెక్కల గుర్తులు, కొసలు కొరికిన తీగలు. పదకొండు దుప్పులు ఒకేసారి నిలబడి ఉండగా ఒక సాయంత్రం చూశాను. ఆ పూట అప్పు సంగతి గుర్తు రాలేదు. కానీ వాటి వెనకే పందులు కూడా వచ్చాయి. బావమరిది చెప్పినట్టు అక్కడే ఆగలేదు. బొబ్బర్లు టిఫిన్‌లాగా తిని, పక్కనున్న మామ వరిలోకి భోజనానికి పోయాయి. మామ మా ఇంటి ముందుకొచ్చి, "ఏందిరా అల్లుడా, పందులకు పెండ్లి పిలుపు నువ్వు పెడితివి, విస్తర్లు నా పొలంల వేయవడితివి" అన్నాడు. నోరెత్తలేదు నేను. నష్టపరిహారం కోసం పంచనామా, ఫోటోలు, కాగితాలు పట్టుకుని ఆయన తిరుగుతుంటే నేనే బండి మీద తీసుకెళ్ళాను. అందుకే చెప్తున్నా, మీ మూడెకరాల్లో మేత ముక్క అడవి వైపు ఉండాలి, పక్క రైతు గట్టుకు ఆనుకుని ఉండకూడదు. వేసే ముందు ఆ రైతుతో ఒక మాట అనుకోండి. ఆయన పందుల కోసం కరెంటు తీగ కట్టే మనిషి అయితే ఈ ఆలోచనే మానుకోండి. మీరు పిలిచిన జింక ఆయన తీగకు చస్తుంది. మనుషులూ పోతున్నారు అలా.

డిస్క్ హారో గురించి అడిగారు కదా. అది చెడ్డది కాదు. పళ్ళేలు మొద్దు మీద ఎక్కి దొర్లిపోతాయి, అంత తొందరగా విరగవు. ముందు వరసలో అంచుకు గాట్లున్న పళ్ళేలు ఉంటే ఎండిన గడ్డిని బాగా కోస్తాయి. అయితే గరిక, తుంగ ఉన్న చోట అదీ వేళ్ళను కోసి పంచేదే, రోటావేటర్ అంత కాకపోయినా. పైగా బరువు. ఒక ఎకరం కోసం కొనడం దండగ, ఒక పూట కిరాయికి తెచ్చుకోండి. మట్టిని తిరగేసే రెక్క నాగలి మొద్దులున్న బీడులో పెట్టొద్దు, కర్రు వేరుకు తగులుకుంటే బండి ముందు చక్రాలు లేస్తాయి.

రోటావేటర్ ఎందుకూ పనికిరాదని కాదు. వరి దమ్ముకు మంచిది, మొద్దులూ రాళ్ళూ లేని నల్లరేగడిలో పత్తి కట్టె ముక్కలు చేయడానికీ మంచిది. ఏటా అదొక్కటే తిప్పితే మాత్రం నాలుగైదు అంగుళాల కింద నేల గట్టిపడి, నీళ్ళు దిగవు. మా ఊళ్ళో ఈ మాట అంటే నవ్వుతారు. నవ్వనీ.

ఇంకో రెండు ముక్కలు. ఎండాకాలంలోనే ముక్కంతా నడిచి మొద్దుల దగ్గర సున్నం గుర్తు పెట్టుకోండి, గడ్డి లేచాక కనపడవు. స్టైలో వేస్తే గింజ పైపెంకు గట్టిది, వేడినీళ్ళలో కాసేపు ఉంచి ఆరబెట్టి చల్లండి, మీద కంప లాగితే చాలు. ఉలవలు ఎకరాకు 8–10 కిలోలు సాలు పద్ధతికి, చల్లితే కొంచెం ఎక్కువ.

మీ బండి ఎన్ని హెచ్‌పీనో రాయలేదు. 35 లోపు అయితే తొమ్మిది పళ్ళు కూడా బరువే, రెండు పళ్ళు విప్పేసి ఏడుతో కొట్టండి.